చెయ్యెత్తిన పెద్దాయన

పాత ప్రభుత్వం పడిపోయిన మర్నాడు కూడలిలో ఒక్క దుకాణమూ తెరవలేదు. కళ్ళద్దాల దుకాణం షట్టర్ కూడా నేలదాకా దించేసి ఉంది. లోపల మాత్రం ముగ్గురు మనుషులు ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నారు. దుకాణం యజమాని, అతని భార్య, అతని తల్లి. వాళ్ళ కాపురం దుకాణం వెనక ఉన్న రెండు గదుల్లోనే. వెనక సందులోకి ఒక తలుపు ఉంది కానీ, ఆ సందు మొదట్లో పొద్దుటినుంచీ టైర్లు తగలబడుతున్నాయి.

షట్టర్ రేకు ఒకచోట తుప్పు తిని చిల్లు పడింది. భార్య ఆ చిల్లుకి కన్ను ఆనించి బయటికి చూస్తోంది. ఎదురుగా, కూడలి నడిమధ్యన, ఎత్తయిన రాతి దిమ్మె మీద ఆమె తండ్రి నిలబడి ఉన్నాడు.

కంచు విగ్రహం. పొడుగాటి కోటు, వెనక్కి దువ్విన జుట్టు, ఎడమ చేతిలో కాగితాల చుట్ట. కుడి చెయ్యి మాత్రం పైకెత్తి, కనబడని వాద్యబృందం ఏదో తన ఎదురుగా కూర్చున్నట్టు నిలబడ్డాడు. దేశమంతటికీ ఆయన గొప్ప స్వరకర్త. కూడలి జనానికి మాత్రం చెయ్యెత్తిన పెద్దాయన. "పొద్దున్నించీ చెయ్యెత్తుతూనే ఉన్నాడు పాపం, ఒక్క బస్సూ ఆపట్లేదు" అని రొట్టెల షాపాయన వచ్చినవాళ్ళందరినీ నవ్విస్తూ ఉండేవాడు. ఆ మాటకి ఆమె కూడా నవ్వేది.

ఇప్పుడు ఆ కూడలి ఖాళీగా ఉంది. ఎక్కడో దూరంగా జనం కేకలు. అవి దగ్గరవుతున్నాయో, పక్క వీధిలోకి మళ్ళుతున్నాయో తెలియడం లేదు.

"ఇటేనా?" అన్నాడు భర్త.

"ఏమో."

"ఇటే అయి ఉంటుంది. ఇంకెక్కడికి పోతారు?"

అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఆమె తండ్రి వందలకొద్దీ పాటలు కట్టాడు. వాటిలో చాలా పాటలు జనం వంట చేసుకుంటూ, బట్టలు ఉతుక్కుంటూ పాడుకున్నవే. కానీ సైన్యం కవాతు కోసం ఆయన కట్టిన ఒక బాణీ ఉంది. మొదట్లో దాన్ని పరేడ్లలో, సభల్లో వాయించేవారు. తర్వాత మనుషుల్ని పట్టుకుపోయే మూత వ్యాన్లకి మైకులు బిగించి, వీధిలోకి వచ్చినప్పుడల్లా అదే పెట్టడం మొదలుపెట్టారు. లోపలివాళ్ళ అరుపులు బయటికి వినబడకుండా ఉండడానికని కొందరన్నారు. వీధి వీధంతా వణకాలనే అలా చేస్తున్నారని కొందరన్నారు. ఏదైతేనేం, ఆ బాణీ వినబడగానే తల్లులు పిల్లల నోళ్ళు మూసేవాళ్ళు. వ్యాను ముందుకు కదిలి, పాట పక్క వీధిలోకి పోయేదాకా ఇంట్లో ఎవరూ గ్లాసు కూడా కింద పెట్టేవారు కాదు. ఎవరి గుమ్మం ముందు ఆగిందో ఆ ఇంట్లోంచి వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదు.

ఇంత జరుగుతున్నా, ముసలావిడకి మాత్రం తన వియ్యంకుడంటే గర్వమే. ఆవిడ కడుపులో మాట దాగదు. అద్దాలు మార్చుకోవడానికి వచ్చినవాళ్ళ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, "ఎదురుగా నిలబడ్డాడే, మా కోడలి నాన్నే. విగ్రహం ఆవిష్కరించిన రోజు నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు" అని మొదలుపెట్టేది. ఆ రోజు తీసిన ఫోటోని పెద్దది చేయించి దుకాణంలో గోడకి తగిలించింది కూడా. అందులో విగ్రహం, విగ్రహం పక్కన దేశాన్ని ఏలినవాడు, అతని పక్కన నవ్వుతూ కోడలు.

నిన్న సాయంత్రం రేడియోలో కబురు వినగానే భర్త కుర్చీ ఎక్కి ఆ ఫోటోని తీసేశాడు. తీసిన చోట గోడ మీద తెల్లగా నలుచదరపు మచ్చ మిగిలింది. దానిమీద కళ్ళ పరీక్షకి వాడే పాత అక్షరాల చార్టు ఒకటి తగిలించాడు. చార్టు వెడల్పు చాలక రెండు పక్కలా తెల్ల అంచు కనబడుతూనే ఉంది.

"పొయ్యిలో పడేద్దాం" అన్నాడు.

"నా వియ్యంకుడి ఫోటో పొయ్యిలో పెడతావట్రా?" అని ముసలావిడ దాన్ని రెండు చేతులా లాక్కుంది. ఎంత బతిమాలినా వదల్లేదు. చివరికి తన కుర్చీ మెత్త కింద పెట్టుకుని దానిమీద కూర్చుంది. రాత్రి పడుకోవడానికి లేచినప్పుడు చంకలో పెట్టుకుని తీసుకెళ్ళి, పొద్దున మళ్ళీ తెచ్చుకుని కూర్చుంది.

కేకలు దగ్గరయ్యాయి. ఇంక అనుమానం లేదు. భార్య చిల్లులోంచి చూస్తూనే ఉంది. ముందు తాళ్ళు భుజాన వేసుకున్నవాళ్ళు వచ్చారు. తర్వాత ఒక తోపుడుబండి, దానిమీద గ్యాస్ సిలిండర్లు. తర్వాత ఇసుక వేస్తే రాలనంత జనం. రాళ్ళు విసురుతున్నారు. కంచుకి తగిలిన రాయి చేసే చప్పుడు వేరు, దిమ్మెకి తగిలిన రాయి చేసే చప్పుడు వేరు. రెండూ ఆమె గుండెల్లోనే తగులుతున్నట్టు ఉన్నాయి.

అంతలో చిల్లుకి ఏదో అడ్డొచ్చి చీకటైపోయింది. మరుక్షణం షట్టర్ దబదబా మోగింది.

"లోపల ఎవరు? తియ్యండి!"

ఆమె వెనక్కి తూలి బల్ల అంచు పట్టుకుంది. తియ్యకపోతే పగలగొడతారు. తీస్తే ఏం చేస్తారో తెలియదు. భర్త తాళం తీసి షట్టర్ సగం పైకి లేపాడు.

ఇద్దరు లోపలికి వంగి వచ్చారు. ఒకడు మసిపట్టిన బట్టల్లో, కళ్ళమీద నుంచి నుదుటి మీదికి నెట్టుకున్న నల్ల అద్దాలతో ఉన్నాడు. చూడగానే వెల్డరని తెలుస్తోంది. రెండోవాడు మెడకి ఎర్ర మఫ్లరు చుట్టుకుని, చేత్తో ఇనప కడ్డీ పట్టుకున్నాడు.

"అన్నా, నిచ్చెన ఉంది కదా మీ దగ్గర? బోర్డు తుడవడానికి వేస్తారు, చూశాను" అన్నాడు వెల్డరు.

"ఉంది, ఉంది. ఇదిగో తెస్తున్నా" అని భర్త వెనక గదిలోకి పరుగెత్తాడు.

ఎర్ర మఫ్లరు మనిషి దుకాణమంతా కలియజూశాడు. వరసగా పేర్చిన ఫ్రేములు, చిన్న అద్దం, పరీక్ష గదికి వేలాడే నల్ల తెర. చూపు ఆమె మీదికి వచ్చి ఆగింది.

"వాడి కూతురు ఈ కూడలిలోనే ఉందట. కళ్ళద్దాలాయన్ని చేసుకుందట. నువ్వేనా?"

ఆమె బల్ల అంచుని ఇంకా గట్టిగా పట్టుకుంది. అతను కడ్డీ చివరని నేలమీద టక్కున ఆనించాడు.

"నిన్నే అడిగేది."

"కాదు" అంది ఆమె. తన గొంతు తనకే ఎవరిదోలా వినబడింది.

"కాదా? మరి..."

"ఎవరూ, ఇదా?" అంది కుర్చీలోంచి ముసలావిడ. "దీని గొంతు విన్నావా నాయనా ఎప్పుడైనా? ఒక్క కూనిరాగం తీస్తే పక్కింటి కుక్క లేచి ఏడుస్తుంది. ఆ పెద్దాయన కూతురే నా కోడలైతే నాకీ అద్దాలు తుడుచుకునే ఖర్మేంటి? మేడలో కూర్చునేదాన్ని కాదూ? దీనికి అమ్మా లేదు, నాన్నా లేడు. మావాడు ఎక్కణ్ణించి తెచ్చాడో వాడికే తెలియాలి. నేనెన్నో చెప్పాను, వింటేగా!"

కోడలు నిర్ఘాంతపోయింది. పెళ్ళయిన నాటినుంచి అత్తగారి నోటినుంచి ఒక్క అబద్ధం విన్న గుర్తు లేదు. నిజాలతోనే వేగలేకపోయేది.

మఫ్లరు మనిషి గోడ దగ్గరికి వెళ్ళాడు. చార్టుకి రెండు పక్కలా కనబడుతున్న తెల్ల అంచుని వేలితో తడిమాడు. చార్టు కింది కొస పట్టి ఎత్తాడు.

"ఇక్కడేం ఉండేది?"

"గడియారం. రిపేరుకిచ్చాం."

"గుండ్రటి గడియారానికి నలుచదరం మచ్చా?"

"గుండ్రటిదని నేనన్నానా? నువ్వన్నావు."

అతను ముసలావిడ వైపు తిరిగి తేరిపార చూశాడు. "లే, ముసలమ్మా. ఆ కుర్చీలోంచి ఒకసారి లే."

కోడలి పైప్రాణాలు పైనే పోయాయి. ముసలావిడ రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఆనించి, లేవడానికన్నట్టు కొంచెం పైకి లేచి, అబ్బా అంటూ మళ్ళీ బరువంతా వేసి కూలబడింది. మెత్త కింద పటుక్కుమని అద్దం పగిలింది.

"అదేంటి చప్పుడు?"

"నా మోకాళ్ళు బాబూ. వయసులో ఉన్నప్పుడు గాజుల చప్పుడయ్యేది, ఇప్పుడు ఇవి."

వెల్డరు నవ్వలేదు. కుర్చీ వైపూ, గోడ మీద మచ్చ వైపూ, గడ్డం రొమ్ముకి ఆనించుకుని నిలబడ్డ ఆ కోడలి వైపూ చూశాడు. అప్పటికి భర్త నిచ్చెన మోసుకుని వచ్చాడు. వెల్డరు దాని ముందు కొస అందుకున్నాడు.

"వచ్చిన పనేంటి, నువ్వు చేస్తున్న పనేంటి?" అని మఫ్లరు మనిషి మీద విసుక్కున్నాడు. "గ్యాస్ అయిపోయిందంటే పెద్దాయన చెయ్యెత్తుకుని అక్కడే నుంచుంటాడు. ముసలావిడ మోకాళ్ళు రేపు చూద్దువుగాని. పట్టు ఆ కొస."

ఇద్దరూ నిచ్చెనతో బయటికి వంగి వెళ్ళిపోయారు. షట్టర్ మళ్ళీ దించాలంటే భర్తకి చేతులు రాలేదు. ఆమే వెళ్ళి దించింది. దించి, అక్కడే కూర్చుండిపోయింది.

చూడకూడదనుకుంది. కానీ చిల్లు ఆమె కంటి ఎత్తులోనే ఉంది. నిచ్చెన దిమ్మెకి ఆనింది. వెల్డరు పైకెక్కి కంచు బూట్ల దగ్గర నిప్పులు కురిపిస్తున్నాడు. తండ్రి మెడకీ, పైకెత్తిన చేతికీ తాళ్ళు బిగించారు. జనం రెండు బారులుగా నిలబడి లాగడం మొదలుపెట్టారు. అందరూ ఒకేసారి లాగితేనే కదులుతుంది. ఎవరికి వాళ్ళు లాగుతున్నారు. అప్పుడు ఎవరో ఆ బాణీ ఎత్తుకున్నారు. వెక్కిరింపుగానే ఎత్తుకున్నారు. అందరికీ నోటికొచ్చిన బాణీ అదొక్కటే కదా, క్షణంలో కూడలి కూడలంతా అందుకుంది. ఆ లయలో అందరూ కలిసి లాగారు. మూసిన వ్యాన్లోంచి వినబడినప్పుడల్లా ఆమె ఎంత వణికిందో, అన్ని వేల గొంతుల్లోంచి వింటే అంతకు పదింతలు వణికింది. తాను ఆ పాటని చిన్నపిల్లగా ఉన్నప్పుడు, అది ఇంకా పుడుతుండగా, పక్కగదిలోంచి విన్నది. తండ్రి పోయాక ఆయన కోసం ఏడవడానికి ఇంతకంటే పెద్ద సందర్భం రాదని తెలుస్తోంది. అయినా ఏడుపు రాలేదు. భయం తప్ప మరో దానికి ఒంట్లో చోటు లేదు.

విగ్రహం ముందుకు వంగింది. పడినప్పుడు దుకాణంలో ఫ్రేములన్నీ గలగలలాడాయి.

"పడిపోయాడా?" అని అడిగింది ముసలావిడ.

"పడిపోయాడత్తయ్యా."

ఆవిడ మెత్త కిందినుంచి పగిలిన ఫోటోని తీసి ఒళ్ళో పెట్టుకుంది. చీర కొంగుతో గాజుముక్కలు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది. వేలు తెగినా ఆపలేదు.

ఆ తర్వాత రోజులు గడిచాయి. కొత్త ప్రభుత్వం వచ్చింది, దుకాణాలు తెరుచుకున్నాయి. విగ్రహాన్ని లారీలో వేసి ఎక్కడికో తీసుకెళ్ళారు. దిమ్మె మీద కోసేసిన బూట్లు మాత్రం మిగిలాయి. భార్య కౌంటరు దగ్గర కూర్చోవడం మానేసింది. ఎవరైనా మఫ్లరు చుట్టుకుని లోపలికి వస్తే చాలు, నల్ల తెర వెనక్కి వెళ్ళిపోయేది. ఊరు మారిపోదామని భర్త అన్నాడు. కొత్త ఊళ్ళో కళ్ళద్దాల దుకాణం పెట్టుకుంటే నీ పేరేంటి, మీ వాళ్ళెవరు అని ముందు అడుగుతారని ఆమె అంది. ఇద్దరూ ఆ మాట అక్కడికి వదిలేశారు. ముసలావిడ అసలు మాట్లాడ్డమే తగ్గించింది. వచ్చినవాళ్ళతో వానల గురించి తప్ప ఇంకేమీ ఎత్తేది కాదు. ఆ ఇంట్లో అన్నిటికంటే భయపెట్టింది అదే.

ఒక మధ్యాహ్నం వెల్డరు వచ్చాడు. భర్త అద్దాల సరుకు కోసం బయటికి వెళ్ళాడు. కళ్ళు పరీక్షించేది ఎప్పుడూ ఆమే, కాబట్టి తప్పించుకోవడానికి దారి లేదు.

"అక్కా, దగ్గరివి రెండేసి కనబడుతున్నాయి. పని చెయ్యలేకపోతున్నా" అన్నాడు.

నల్ల తెర వెనక గదిలో ఇద్దరే. దీపం చార్టు మీద మాత్రమే ఉంది. ఆమె అతని ముక్కు మీద పరీక్ష ఫ్రేము పెట్టి, ఒక్కొక్క అద్దం వేసి మారుస్తోంది. అతని ఊపిరి ఆమె మణికట్టుకి తగులుతోంది.

"ఇది బాగుందా, ముందుది బాగుందా?"

"ముందుది."

"ఇప్పుడు?"

"ఇది కొంచెం నయం." చార్టు వైపే చూస్తూ అన్నాడు. "మా అన్నని ఆ బండిలోనే తీసుకెళ్ళారక్కా. మీ నాన్న ఆ పాట ఎందుకిచ్చాడు వాళ్ళకి?"

ఆమె చేతిలోంచి అద్దం జారి ఒళ్ళో పడింది. తెర అవతల ముసలావిడ దగ్గడం వినిపించింది. అరిస్తే పక్క షాపువాళ్ళు వస్తారు. వచ్చి ఏమడుగుతారు?

"నీకెవరు చెప్పారు?" అంది, గొంతు తగ్గించి.

"ఒకరు చెప్పాలా? మా అమ్మ కళ్ళజోడుకి వచ్చినప్పుడు మీ అత్తగారే చెప్పింది. కూడలంతటికీ తెలుసు. ఆ రోజు మా వాళ్ళు ఎక్కడో గాలి కబురు విని చెప్పుల షాపాయన్ని అడిగారు, తెలీదన్నాడు. రొట్టెలాయన్ని అడిగారు, వాడికి పిల్లల్లేరన్నాడు. నేనూ నోరు మూసుకున్నా. ఎందుకు మూసుకున్నానో నాకే తెలీదు. అది కాదు నేనడిగేది. బెదిరించారా ఆయన్ని?"

ఆ రోజు అబద్ధం పనిచేసిందని, ఇన్నాళ్ళూ తాను దాక్కుని బతుకుతున్నానని అనుకుంది. అందరి కళ్ళముందూ కూర్చుని ఉందన్నమాట. ఆ మాటకి ధైర్యం రావాలో, ఉన్న ధైర్యం కూడా పోవాలో ఆమెకి అర్థం కాలేదు. బెదిరించారని చెప్పడం ఎంతో తేలిక. అతను దాన్నే వినడానికి వచ్చినట్టున్నాడు.

"లేదు" అంది. "ఇష్టంగానే ఇచ్చాడు. ఆ రోజు ఇల్లంతా సంబరం. తర్వాత వ్యాన్లు తిరుగుతున్నప్పుడు ఒకసారి నేను పుట్టింట్లోనే ఉన్నాను. మా వీధిలోకే వచ్చింది. నేను వణికిపోతూ నాన్న వైపు చూశాను. ఆయన కిటికీ దగ్గర నిలబడి వేలితో తాళం వేస్తున్నాడు. 'మరీ తొందరగా తిప్పుతున్నారు రికార్డు' అన్నాడు. అంతే అన్నాడు."

అతను చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఆ చేతులు ఎప్పుడు లేస్తాయోనని ఆమె వాటినే చూస్తోంది.

"ఇది వద్దు" అన్నాడు చివరికి. "ముందు పెట్టావే, అది బాగుంది. అందులో అక్షరాలు నిలకడగా ఉన్నాయి."

శనివారం రమ్మని చెప్పింది. అతను తల ఊపి వెళ్ళిపోయాడు. శనివారం రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. తయారైన కళ్ళజోడు డబ్బాలో ఉండిపోయింది.

"ఎందుకు చెప్పావు నువ్వు?" అన్నాడు భర్త, పదోసారో ఇరవయ్యోసారో. "భయపడి ఇచ్చాడంటే పోయేది కదా."

"నాన్న భయపడలేదండీ. భయపడిందంతా మనమే."

"సరే, ఇప్పుడు మళ్ళీ భయపడదాం" అన్నాడు అతను. ఇద్దరికీ నవ్వు రాబోయి ఆగిపోయింది.

చివరికి వచ్చింది వెల్డరు కాదు, అతని తల్లి. సన్నగా, ఎముకల గూడులా ఉంది. గుమ్మంలో నిలబడి, "మావాడి కళ్ళజోడట, ఇవ్వమ్మా. వాడికి పక్క ఊళ్ళో వంతెన పని తగిలింది" అంది. కొడుకుని పోగొట్టుకున్న మనిషి. కోడలు తల వంచుకుని డబ్బా వెతుకుతున్నట్టు నటించింది. డబ్బా ఎదురుగానే ఉంది.

ముసలావిడ కుర్చీలోంచి లేచింది. మోకాళ్ళు పట్టుకుని, నిజంగానే కష్టపడి లేచి, తన కుర్చీని ఆవిడ వైపు జరిపింది.

"కూర్చో" అంది. "నేను నీ దగ్గర చాలా వాగాను అప్పట్లో."

"వాగావు" అంది ఆవిడ, కూర్చుంటూ. "నాకేం చెప్పాలో తోచక వింటూ కూర్చున్నా. అప్పటికి మా పెద్దాడు పోయి నెలే."

ముసలావిడ పక్కనున్న స్టూలు మీద నెమ్మదిగా కూర్చుంది. బయట బస్సు ఆగింది, మనుషులు దిగారు, బస్సు వెళ్ళిపోయింది.

"నాది కూడా జారిపోతోందమ్మా" అంది వెల్డరు తల్లి, తన ముక్కు మీది కళ్ళజోడు తీసి కోడలి వైపు చాపి. "చూసి పెట్టు."

ఆమె దాన్ని వేడిచేసి, కాడలు వంచి, చల్లారాక తీసుకొచ్చింది. చెవుల వెనక సరిగ్గా కూర్చుందో లేదో చూడాలంటే రెండు చేతులూ ఆవిడ ముఖానికి అటూ ఇటూ పెట్టాలి. పెట్టింది. చూపు మాత్రం నేల మీదే ఉంది. ఆవిడ తెల్లటి వెంట్రుకలు వేళ్ళకి తగిలాయి.

"కిందికి చూస్తే ఎలా తెలుస్తుంది?" అంది ఆవిడ. "నా మొహం చూసి చెప్పు, వంకరగా ఉందా?"

కోడలు తల ఎత్తింది.

"ఎడమవైపు కొంచెం" అంది. "ఉండండి, సరిచేస్తాను."